ఆదాము పాపం మనదాకా ఎలా వస్తుంది? యెహెజ్కేలు 18:20 దగ్గర ఆగిపోయాను

నేను క్రైస్తవుణ్ణి. చెన్నై పెరంబూరులో, కడప నుంచి వచ్చిన ఒక ముస్లిం మిత్రుడితో కలిసి గదిలో ఉంటున్నాను. మూడు వారాలుగా రాత్రి భోజనాలయ్యాక తెలుగు బైబిలు, తెలుగు ఖురాన్ పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నాం. త్రిత్వం దగ్గర మాట కలవలేదు, అది ఊహించిందే. పాపం దగ్గర మాత్రం నేనే చిక్కుకున్నాను.

ఆదాము పశ్చాత్తాపాన్ని అల్లాహ్ అంగీకరించాడని ఖురాన్ 2:37లో, ఒకరి భారం మరొకరు మోయరని 6:164లో మిత్రుడు చూపించాడు. నేను రోమా 5:12 చదివి వినిపించాను: ఒక మనుష్యుని ద్వారా పాపం, పాపం ద్వారా మరణం లోకంలోకి వచ్చాయి, అందరూ పాపం చేశారు కాబట్టి మరణం అందరికీ వ్యాపించింది. అతను వాదించలేదు. నా బైబిలులోనే యెహెజ్కేలు 18:20 తీసి వేలు పెట్టాడు: తండ్రి దోషానికి కుమారుడు శిక్ష భరించడు. ఆ పేజీ ఇంకా తెరిచే ఉంది.

రోమా 5వ అధ్యాయం మొత్తం మళ్లీ చదివాను. మా సంఘకాపరిని అడిగితే విశ్వాసంతో చదవమన్నారు. విశ్వాసం ఉంది, మిత్రుడికి చెప్పడానికి జవాబే లేదు. ఆదాము దోషం కూడా మనకు వస్తుందని ప్రాచీన క్రైస్తవ వేదాంతి అగస్టీను బోధించారని, ఆర్థొడాక్స్ సంఘాలు మరణం, బలహీనత మాత్రమే వస్తాయంటాయని తెలిసింది. దాంతో సందేహం ఇంకా పెరిగింది.

యెహెజ్కేలు 18:20ని పక్కన పెట్టకుండా రోమా 5:12ను ఎలా వివరించాలి: ఆదాము నుంచి మనకు వచ్చేది అతని దోషమా, పాపం వైపు మొగ్గే స్వభావం మాత్రమేనా?