మలయహ తమిళ స్త్రీలను ఆపుతున్నది ఇంటి నమ్మకాలా, తోట పద్ధతులా?

కొండగాలి:
శ్రీలంకలో నువరెలియా, బదుళ్ల వైపు టీ తోటల్లో పనిచేసే మలయహ తమిళుల (బ్రిటిష్ వాళ్ల కాలంలో భారత్ నుంచి వెళ్లిన కూలీల వారసులు, కొండ ప్రాంత తమిళులు) ప్రస్తావన వస్తే చాలు, "వాళ్ల ఆచారాల వల్లే అక్కడి ఆడవాళ్లు ఎదగలేదు" అనేస్తున్నారు. నేను ఒప్పుకోను. 1948 పౌరసత్వ చట్టం ఆ జనంలో అత్యధికులకు పౌరసత్వం లేకుండా చేసింది. చివరగా మిగిలినవాళ్లకు అది దక్కింది 2003లో. ఓటు లేనివాళ్ల ఊళ్లో మంచి బడి కట్టాలని ఏ నాయకుడికి అనిపిస్తుంది? ఇక తోట సంగతి. ఆకు కోసేది ఎక్కువగా ఆడవాళ్లు, వాళ్ల మీద కంకాణీలు, అంటే పని చేయించే మేస్త్రీలు, మగవాళ్లు. 1984 దాకా ఆడవాళ్ల రోజు కూలి మగవాళ్ల కంటే తక్కువ. ఆ రేటు పెట్టింది యాజమాన్యం, ఏ ఆచారమూ కాదు.

రేవతి:
చరిత్ర సరేనండీ. కూలి సమానమై నలభై ఏళ్లు దాటింది, మరి ఇంట్లో ఏం మారింది? తెల్లవారకముందే లేచి వంట, నీళ్లు, పిల్లలు. ఆపైన సాయంత్రం దాకా ఆకు కోత, మళ్లీ పొయ్యి దగ్గరికి. మగవాళ్లు చేసే కొమ్మల కత్తిరింపు లాంటి పనులు చాలాచోట్ల మధ్యాహ్నానికే అయిపోతాయి. అయినా ఇంటి పని ఆమెదే. భార్య జీతాన్ని తోటవాళ్లు భర్త చేతికివ్వడం ఎన్నో చోట్ల ఏళ్లతరబడి మామూలుగా సాగింది. ఆ మగవాళ్లు వద్దన్నారా? మైనారిటీ అనగానే లోపలి మగ పెత్తనాన్ని జాలితో కప్పేయడం నాకు బాధగా ఉంటుంది.

కొండగాలి:
పెత్తనం లేదని నేనూ అనను. కానీ ఆమె ఎదురు చెప్పి ఎక్కడికి వెళ్తుంది? ఉండే లైన్ గది (వరుసగా కట్టిన కూలీల గదుల్లో ఒకటి) తోటది. పని పోతే గూడు కూడా పోతుందనే భయం. జీతం రోజున డబ్బు భర్తకిచ్చిన ప్రతిసారీ ఇంట్లో మగవాడిదే పెత్తనమన్న నమ్మకాన్ని తోటే బలపరిచింది.

పాత చందాదారు:
మీరిద్దరూ యూనియన్లను వదిలేశారు. చందా కోసింది ఆ ఆడవాళ్ల జీతంలోంచి, పైకుర్చీల్లో కూర్చున్నది మాత్రం మగవాళ్లు. 2024లో అంబికా శామ్యూల్, కృష్ణన్ కలైచెల్వి పార్లమెంటుకు గెలిచారు. ఈ సమాజం నుంచి వెళ్లిన తొలి మహిళలు వాళ్లే. టికెట్ ఇచ్చింది దశాబ్దాలుగా తోటల పేరు చెప్పుకున్న యూనియన్ పార్టీలు కావు, ఎన్‌పీపీ (నేషనల్ పీపుల్స్ పవర్) కూటమి.

రేవతి:
ఆ గెలుపు నాకూ సంతోషమే. అయితే ఇంట్లో ఒక్కరినే పైచదువుకు పంపే స్తోమత ఉంటే ఎవరిని పంపుతారు? చాలామంది అమ్మాయిలు కొలంబోలో ఇంటిపనికో, గార్మెంట్ ఫ్యాక్టరీకో, గల్ఫ్‌కో వెళ్తున్నారు. వాళ్లు పంపే డబ్బుతో ఇల్లు నడుస్తుంది, అయినా నిర్ణయాల్లో వాళ్ల మాట చెల్లదు. ఇది తోట నేర్పిందని సరిపెట్టుకోలేను. జీతం ఆమె బ్యాంకు ఖాతాలోనే పడాలి. భారత్ సాయంతో అక్కడ కడుతున్న ఇళ్ల పట్టాలో ఆమె పేరు ఉండాలి. కొండగాలి గారూ, ఈ రెండింటికీ తోట యజమాని ఒప్పుకుని భర్త అడ్డుపడితే మీరు ఎవరిని నిలదీస్తారు?