అన్ని మతాల మిస్టిక్కులూ (పరమసత్యాన్ని నేరుగా అనుభవించామనే సాధకులు) చెప్పేది ఒకటేనా, లేక మనకే అలా కనిపిస్తోందా?

అర్ధరాత్రి_చదువరి:
కంపారెటివ్ రిలిజియన్ (మతాల్ని పోల్చి చూసే శాస్త్రం) ఈమధ్యే సొంతంగా చదవడం మొదలెట్టానండి. అమెరికన్ తత్వవేత్త విలియం జేమ్స్ 1902లో మిస్టికల్ అనుభవానికి నాలుగు గుర్తులు చెప్పాడు కదా, మాటల్లో పెట్టలేం, ఏదో తెలిసిందని గట్టిగా అనిపిస్తుంది, ఎక్కువసేపు నిలవదు, మన చేతుల్లో ఉండదు అని. అది పెట్టుకుని క్రైస్తవ మిస్టిక్ ఎక్‌హార్ట్‌ని, అద్వైతి శంకరుల్ని, సూఫీ హల్లాజ్‌ని చూస్తే ముగ్గురూ ఒకటే అంటున్నట్టుంది. మరి ఇప్పటి ప్రొఫెసర్లు ఈ మాట ఎత్తగానే ఎందుకలా విరుచుకుపడతారు?

గోడమీద_పిల్లి:
దానికి కారణం చాలావరకు స్టీవెన్ కాట్జ్ అనే పండితుడు. అంతకుముందు తత్వవేత్త స్టేస్ (1960) ఏమన్నాడంటే అనుభవం ఒకటే, తర్వాత ఎవరి మతం భాషలో వాళ్ళు చెప్పుకుంటారు అని. 1978లో కాట్జ్ వచ్చి అసలు అనుభవమే ముందునుంచీ చదివిన గ్రంథాలు, చేసిన సాధన, పెట్టుకున్న ఆశలతో తయారవుతుంది, తర్వాత పూసే రంగు కాదది అన్నాడు. దేవుడికి అంటిపెట్టుకుని ఉండాలనుకునే యూదు సాధకుడికీ, సృష్టికర్త ఊసే లేని నిర్వాణం కోసం కూర్చున్న బౌద్ధ భిక్షువుకీ దొరికేది ఒకటే అని ఏ ఆధారంతో అంటాం? నాకైతే ఈ వాదనే నచ్చింది.

మౌనరాగి:
పిల్లిగారూ, కాట్జ్‌తోనే కథ అయిపోలేదు కదా. 1990లో ఫోర్మన్ అనే పండితుడూ ఆయన తోటివాళ్ళూ అడిగింది ఇదే, ఆలోచన, బొమ్మ, శబ్దం ఏవీ లేకుండా ఉత్త ఎరుక మాత్రమే ఉండే స్థితి ఉంటే అందులో సంప్రదాయం మలచడానికి ఏం మిగిలిందని. పైగా సైలోసైబిన్ (కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే, భ్రాంతులు కలిగించే మందు) ప్రయోగాల్లో మామూలు మనుషులు కూడా అచ్చం ఇలాగే చెప్తున్నారు.

పాత_నోట్సు:
ఆ ప్రయోగాల దగ్గరే ఒక తిరకాసుంది. 1962 గుడ్ ఫ్రైడే రోజు బోస్టన్‌లో పాంకే అనే పరిశోధకుడు 20 మంది థియాలజీ (మతశాస్త్రం) విద్యార్థుల్ని చాపెల్ బేస్‌మెంట్‌లో కూర్చోబెట్టి సగం మందికి సైలోసైబిన్, సగం మందికి పోల్చడానికి ఉత్తుత్తి మందుగా నికొటినిక్ యాసిడ్ (ఒక విటమిన్) ఇచ్చాడు, పైనుంచి ప్రార్థన స్పీకర్లో వినిపిస్తోంది. కాసేపటికే ఎవరికి ఏది పడిందో అందరికీ తెలిసిపోయింది, అది వేరే గోల. అసలు విషయం ఏంటంటే వాళ్ళని అడిగిన ప్రశ్నలు చాలావరకు స్టేస్ ఇచ్చిన లక్షణాల మీద కట్టినవి, తర్వాత వచ్చిన ప్రశ్నాపత్రాలూ ఆ వంశమే. అన్ని మతాల్లో ఉమ్మడిగా ఉన్నవని ఆయన ఏరిన లక్షణాలనే టిక్ పెట్టమని ఇచ్చి, చూడండి అందరిదీ ఒకటే అంటే ఎలా బాబూ.

(మత పండితుడు జేనర్ అయితే తనే మెస్కలిన్ అనే ఇలాంటి మందు తీసుకుని చూశాడు, దేవుడు కనబడలేదు గానీ పగలబడి నవ్వొచ్చిందట.)

అర్ధరాత్రి_చదువరి:
బాగుంది, మరి పోల్చడమే మానెయ్యాలా?

పాత_నోట్సు:
అబ్బే, ఎందుకు మానడం. మన చేతిలో ఉన్నవి అనుభవాలు కావు, రాతలు, వాటిని పోల్చండి. ఎక్‌హార్ట్‌వి మామూలు జనానికి కూడా జర్మన్‌లో చెప్పిన ప్రసంగాలు, వాటిలోంచీ మిగతా రాతల్లోంచీ తీసిన 28 వాక్యాల్ని 1329లో పోప్ తప్పుబట్టాడు. శంకరులది సూత్రాల మీద భాష్యం, పేజీ తిప్పితే పూర్వపక్షం (ఎదుటివాళ్ళ వాదన), దాని ఖండన. ఆ తేడా వదిలేసి రెండు మంచి వాక్యాలు ఏరుకుంటే ఎవరైనా ఒకటిగానే కనబడతారు. జర్మన్ మత పండితుడు ఒట్టో 1926లో వీళ్ళిద్దరి మీదే పుస్తకం రాశాడు, పోలికలతో పాటు తేడాలు కూడా చెప్పాడు గానీ, తేడా వచ్చిన చోటల్లా త్రాసు ఎక్‌హార్ట్ వైపే మొగ్గుతుంది, ఒట్టో లూథరన్ క్రైస్తవుడు కదా. ముందు అది చదవండి, తర్వాత కాట్జ్.