మారుతీ జిప్సీ జీపులో పాత బలేనో కారు 1.6 లీటర్ ఇంజిన్ పెట్టించొచ్చా?

ప్రశ్న: అన్నలూ, నాది జిప్సీ కింగ్, 1.3 ఇంజిన్, 80 హెచ్‌పీ. మారేడుమిల్లి ఘాట్‌లో నలుగురం సామాన్లతో ఎక్కుతుంటే సెకండ్ గేర్ దాటట్లేదు, పాత బలేనో 1.6 ఇంజిన్ ఒకటి దొరికింది, వేయించనా?

జవాబు: వేయించు తమ్ముడూ, రెండూ సుజుకీ జీ సిరీసే, అంటే ఒకే కుటుంబం ఇంజిన్లు, నీ గేర్‌బాక్స్‌కే కూర్చుంటది, పవర్ 94 దాకా వస్తది. కాకపోతే బలేనోలో ఇంజిన్ అడ్డంగా ఉంటది, జిప్సీలో నిలువుగా, అందుకని సంప్ (కింద ఆయిల్ ఉండే తొట్టి), మౌంట్లు (ఇంజిన్‌ని పట్టుకునే బిగింపులు) మార్చాలి. వైరింగ్, ఈసీఎం (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) మాత్రం ఇంజిన్‌తో పాటే తెచ్చుకో, తర్వాత వెతికితే చుక్కలు కనబడతయ్.

ఇంకో జవాబు: ముందు బ్రేకులు, రేడియేటర్ చూస్కోండి బ్రో. ఇంజిన్ మార్చేముందే ఆర్టీఓ పర్మిషన్ తీస్కోవాలి, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52, ఆర్సీలో కొత్త ఇంజిన్ నంబర్ ఎక్కకపోతే ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కి ఇబ్బందే.

ప్రశ్న అడిగింది నేనే: థ్యాంక్స్ అన్నా, రేపే ఆర్టీఓ ఆఫీస్‌కి వెళ్లి కనుక్కుంటా.