గోట్లాండ్ పల్లె చర్చిలు: అమ్మతో వెళ్తున్నాం, ఏవి చూడాలి?

గుంటూరుపిల్ల

అందరికీ నమస్తే. వచ్చే వేసవిలో అమ్మ స్టాక్‌హోమ్ వస్తోంది. ఒక వీకెండ్ బాల్టిక్ సముద్రంలో ఉన్న స్వీడన్ దీవి గోట్లాండ్ తీసుకెళ్దామని అనుకుంటున్నాం. అక్కడి పట్నం విస్బీలో కోటగోడ, పాత ఊరు ఎలాగూ చూస్తాం, యునెస్కో గుర్తింపు ఉన్న ఊరు కాబట్టి దాని గురించి సమాచారం బోలెడు దొరుకుతోంది. నా ప్రశ్న ఊరి బయట ఉన్న పల్లె చర్చిల గురించి. మధ్యయుగాల నాటివి 92 ఉన్నాయట, అన్నీ ఇంకా వాడుకలోనే ఉన్నాయట. దీవి మొత్తం జనాభా 60 వేల చిల్లర, పల్లెకి ఇంత పెద్ద రాతి చర్చి ఎలా కట్టారు, ఎవరు కట్టించారు?

ఇంకో సంగతి, ఫొటోల్లో కొన్ని చర్చిలు చాలా వింతగా ఉన్నాయి. ఒక కొసన గంట గోపురం ఎత్తుగా ఉంటుంది, ఇంకో కొసన బలిపీఠం ఉండే భాగం కూడా ఎత్తుగానే ఉంటుంది, మధ్యలో జనం కూర్చునే హాలు మాత్రం పొట్టిగా అణిగిపోయి ఉంటుంది. ఏమైనా కూలిపోయిందా?

మా అమ్మది ఇంకో ప్రశ్న. మాది గుంటూరు లూథరన్ సంఘం, చిన్నప్పటి నుంచి మా చర్చిలో సిలువ తప్ప ఏ విగ్రహమూ చూడలేదు. ఇక్కడ లూథరన్ చర్చిల్లో మరియమ్మ బొమ్మలు, పరిశుద్ధుల బొమ్మలు ఉన్న ఫొటోలు పంపిస్తే "ఇది ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) చర్చి అయ్యుంటుంది, సరిగ్గా చూడు" అంటోంది. నాకు జవాబు తెలీదు. తెలిసినవాళ్ళు చెప్పండి. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, గోపురాలెక్కే ప్రోగ్రాం పెట్టొద్దు ప్లీజ్.

సున్నపురాయి

నేను కొన్నేళ్ళు విస్బీలో ఉన్నాను కాబట్టి మొదటి రెండు ప్రశ్నలకి చెప్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

కట్టించింది రాజులూ కాదు, జమీందార్లూ కాదు, రైతులు. గోట్లాండ్‌లో ప్రభువర్గం అంటూ లేదు. అక్కడి రైతులే పడవలేసుకుని బాల్టిక్ సముద్రమంతా వ్యాపారం చేసేవాళ్ళు, రష్యాలో నోవ్‌గొరోద్ దాకా వెళ్ళేవాళ్ళు, జర్మన్ గడ్డ మీద వ్యాపారం చేసుకోవడానికి 1161లో అక్కడి డ్యూక్ నుంచి హక్కు పత్రం కూడా సంపాదించారు. ఆ డబ్బు అంతకుముందు నుంచే ఎంతుండేదో తెలియాలంటే విస్బీ మ్యూజియంలో స్పిల్లింగ్స్ నిధి చూడండి. 1999లో ఒక పొలంలో దొరికింది, 67 కిలోల వెండి, అందులో వేలకొద్దీ అరబ్బు నాణేలు. అలాంటి దీవిలో పక్క ఊళ్ళో రాతి చర్చి లేస్తే మన ఊళ్ళో ఊరుకుంటారా! బిషప్పేమో స్వీడన్ ప్రధాన భూభాగంలో లిన్‌షోపింగ్‌లో ఉండేవాడు, మూడేళ్ళకోసారి వచ్చేవాడు. ఏం కట్టాలి, ఎంత పెద్దగా కట్టాలి అన్నది ఊరివాళ్ళ ఇష్టం. నా లెక్కలో ఆ 92 చర్చిల్లో భక్తి ఎంత ఉందో ఊళ్ళ మధ్య పోటీ కూడా అంతే ఉంది.

మొదట కట్టినవి చెక్క చర్చిలు. హెమ్సె చర్చిలో 1896లో పని చేస్తుంటే నేల కింద ఆ పాత చెక్క చర్చి పలకలే బయటపడ్డాయి, పారేయకుండా నేలకి వాడేశారన్నమాట. అవి ఇప్పుడు స్టాక్‌హోమ్ చరిత్ర మ్యూజియంలో ఉన్నాయి, మీకు దగ్గరే. 1100ల నుంచి రాయి మొదలైంది. దీవంతా సున్నపురాయే, దక్షిణాన ఇసుకరాయి, కొనక్కర్లేదు, తవ్వుకుంటే చాలు.

ఇక ఆ వింత ఆకారం సంగతి. కూలిపోలేదండి, పూర్తి కాలేదు. పాత చర్చి చిన్నదైపోయింది, కొత్తది కావాలి, కానీ కట్టే ఏళ్ళల్లో ఆరాధన ఆపలేరు. అందుకని పాత హాల్లో ప్రార్థనలు నడుస్తుండగానే తూర్పు కొసన పెద్ద కొత్త బలిపీఠ భాగం కట్టేవాళ్ళు, పడమటి కొసన గోపురం లేపేవాళ్ళు, ఆ రెండూ అయ్యాక మధ్యలోని పాత హాలు కూల్చి రెంటికీ తగ్గ ఎత్తులో కొత్త హాలు కట్టాలని ప్లాను. కొన్ని ఊళ్ళలో ఆ చివరి మెట్టు రానే లేదు. అందుకే ప్రక్కనుంచి చూస్తే గుర్రం జీనులా రెండు కొసలూ లేచి మధ్య దిగి ఉంటుంది. షెల్లుంగె చర్చిలో అయితే కొత్త భాగం ఎంత భారీగా ఉంటుందంటే, పాత హాలు దానికి వరండాలా కనిపిస్తుంది. ఆ ఊరివాళ్ళు ఏం కట్టాలనుకున్నారో బయట నిలబడి ఊహించుకోవచ్చు, రెండు తరాల రాళ్ళు కలిసే అతుకు కూడా గోడ మీద కనిపిస్తుంది.

ఎందుకు ఆగిందంటే ఒక్క కారణం కాదు. 1288లో విస్బీ పట్నానికీ పల్లెలకీ యుద్ధమే జరిగింది, మీరు చూడబోయే ఆ కోటగోడ సముద్రం వైపు శత్రువుల కోసమే కాదు, ఈ చర్చిలు కట్టిన రైతుల్ని బయట ఉంచడానికి కూడా. వ్యాపారం మెల్లగా జర్మన్ వర్తకుల చేతికి పోయింది, 1350 ప్రాంతంలో ప్లేగు వచ్చింది, 1361లో డెన్మార్క్ రాజు వాల్డెమార్ దండెత్తి పల్లె సైన్యాన్ని విస్బీ గోడ బయటే ఊచకోత కోశాడు. పట్నంవాళ్ళు తలుపులు తెరవలేదు. ఆ తర్వాత పెద్ద కట్టడం దాదాపు ఏదీ లేదు. తర్వాతి శతాబ్దాల్లో పగలగొట్టి కొత్తది కట్టేంత డబ్బు ఎవరి దగ్గరా లేకపోవడం వల్లే ఇన్ని పాతవి మిగిలాయి. స్వీడన్‌లో మిగతా చోట్ల జనం పెరిగాక 1800ల్లో పాత చర్చిలు కూల్చి వెడల్పాటి కొత్తవి కట్టుకున్నారు, ఇక్కడ ఆ అవసరమూ రాలేదు.

మాల్మో_మావయ్య

నేను వెళ్ళాను. నిజం చెప్పనా, ఒక నాలుగు చూశాక అన్నీ ఒకేలా ఉన్నాయి. తెల్ల సున్నం గోడలు, నల్ల గోపురం, చుట్టూ సమాధులు, గడ్డి. పిల్లలు ఐస్‌క్రీమ్ ఎప్పుడని గోల. బీచ్‌కి వెళ్ళండమ్మా.

సున్నపురాయి

మావయ్యగారూ, బయటనుంచి చూస్తే ఒకేలా ఉంటాయి, ఒప్పుకుంటాను. లోపలికెళ్ళి బాప్తిస్మపు తొట్టి దగ్గర కూర్చోండి, ఒక్కోటి ఒక్కో రకం. 1100ల్లో ఆ తొట్లు చెక్కినవాళ్ళలో కొందరికి పరిశోధకులు పేర్లు పెట్టుకున్నారు, హెగ్వాల్డ్, బీజాంటియోస్, మాజెస్టాటిస్ అని. హెగ్వాల్డ్ బొమ్మలు మొరటుగా, కళ్ళు పెద్దవిగా, కాస్త భయం పుట్టించేలా ఉంటాయి. బీజాంటియోస్ అలా కాదు, పొందిగ్గా ఉంటుంది. ఈ తొట్లని బాల్టిక్ తీరమంతా ఎగుమతి కూడా చేశారు. పిల్లలకైతే డాల్హెమ్ చర్చి దగ్గరే పాత ఆవిరి రైలు నడుస్తుంది, వేసవిలో ఎక్కొచ్చు. గోల ఉండదు.

ఉప్సలా_సిస్టర్

అమ్మగారి ప్రశ్నకి నేను చెప్తాను, నేనూ లూథరన్‌నే, తెనాలి వైపు.

అవి ఇప్పుడు స్వీడిష్ లూథరన్ సంఘం చర్చిలే, ఆర్‌సీఎం కాదు. కానీ కట్టినప్పుడు మన సంఘానికి మూలమైన లూథర్ పుట్టనే లేదు కదా, అందరూ రోములోని పోపు కిందే ఉన్నారు. తర్వాత స్వీడన్ రాజు గుస్తావ్ వాసా 1527లో సంఘాన్ని రోము నుంచి తప్పించాడు. చర్చి ఆస్తులు, వెండి సామాన్లు, గంటలు లాక్కున్నాడే తప్ప బొమ్మలు పగలగొట్టే ఊపు ఇక్కడ పెద్దగా రాలేదు. లూథర్ కూడా బొమ్మలు ఉండటం తప్పు కాదు, వాటిని పూజించడం తప్పు అన్నాడు. స్విట్జర్లాండ్‌లో ఇంకో సంస్కర్త జ్వింగ్లీ వాళ్ళలా గోడలు ఖాళీ చేయలేదు. మన గుంటూరు సంగతి వేరు. మిషనరీ హేయర్ అయ్యగారు 1842లో అమెరికా లూథరన్ల తరఫున వచ్చారు, మన చర్చిలు ఆ తర్వాత కొత్తగా కట్టినవి, వాటికి ముందు తరాల నుంచి వచ్చిన మరియమ్మ బొమ్మ అంటూ ఏదీ లేదు. అమ్మగారికి అలా చెప్పండి, ఊరుకుంటారు.

బాల్టిక్_బాబాయ్

సిస్టర్ చెప్పిన అసలు విషయం సరే, కానీ గోట్లాండ్‌కి గుస్తావ్ వాసా లెక్క కుదరదు. అప్పుడా దీవి డెన్మార్క్ కింద ఉంది. డెన్మార్క్‌లో సంస్కరణ, అంటే రోము నుంచి విడిపోయి లూథరన్ కావడం, 1536లో వచ్చింది, గోట్లాండ్‌కీ అదే వర్తించింది. స్వీడన్ చేతికి వచ్చింది 1645లో, బ్రోమ్‌సెబ్రూ ఒప్పందంతో. పద్ధతి మాత్రం దాదాపు అదే, డేన్లు కూడా లూథరన్లే, బొమ్మల జోలికి పోలేదు. పరిశుద్ధుల పేరున ఉన్న పక్క బలిపీఠాలు తీసేశారు, గోడల మీది చిత్రాలు చాలాచోట్ల తర్వాతి కాలంలో సున్నం కింద కప్పబడిపోయాయి. 1900ల్లో మరమ్మతులప్పుడు సున్నం గీకితే రంగులు బయటపడ్డాయి. సున్నమే వాటిని కాపాడింది.

విస్బీలో సీను పూర్తిగా వేరు. పట్నం లోపల అన్ని చర్చిలుండేవి, ఇప్పుడు వాడుకలో ఉన్న మధ్యయుగపు చర్చి సెయింట్ మేరీ కథీడ్రల్ ఒక్కటే, అది 1225లో ప్రతిష్ఠ చేసిన జర్మన్ వర్తకుల చర్చి. మిగతావి శిథిలాలు. పట్నం బీదదైపోయింది, 1525లో జర్మన్ పట్నం లూబెక్ వాళ్ళు దాడి చేశారు, సంస్కరణ తర్వాత అన్ని చర్చిల అవసరమూ లేకపోయింది. పల్లెలో ఊరికి ఒకటే కాబట్టి ఎంత లేకపోయినా దాన్ని నిలబెట్టుకున్నారు.

అమ్మగారికి మరియమ్మ కన్నా ముందు గార్దె చర్చి చూపించండి. గోపురం కింది తోరణం లోపలి వైపు 1100ల నాటి పరిశుద్ధుల చిత్రాలున్నాయి, అచ్చం రష్యన్ ఆర్థడాక్స్ పద్ధతి. నోవ్‌గొరోద్‌తో వ్యాపారం అని పైన రాశారు కదా, సరుకుతో పాటు చిత్రకారులో, కనీసం వాళ్ళ పద్ధతో ఇలా వచ్చింది. రోము కింది లాటిన్ సంఘపు చర్చిలో తూర్పు (ఆర్థడాక్స్) సంఘపు చిత్రం! ఆ చర్చి చుట్టుగోడకి నాలుగు వైపులా ఉన్న పాత రాతి గుమ్మాలు నాలుగూ మిగిలున్నాయి, అదీ చూడండి.

గుంటూరుపిల్ల

అందరికీ చాలా థ్యాంక్స్. అమ్మకి ఫోన్‌లో చదివి వినిపించాను, "పూజించకపోతే సరే" అని తీర్పిచ్చింది, అయినా బొమ్మ ముందు ఎవరైనా కొవ్వొత్తి వెలిగిస్తున్నారేమో చూస్తుందట. ఇప్పుడు ప్రాక్టికల్ విషయాలు: తాళాలు వేసి ఉంటాయా? కారు తప్పదా? అయిదారు కన్నా ఎక్కువ చూడలేం, లిస్టు చెప్తారా?

సున్నపురాయి

కొవ్వొత్తులు వెలిగిస్తారండి, చాలా చర్చిల్లో స్టాండు ఉంటుంది, అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి :)

వేసవిలో పగలు చాలావరకు తలుపులు తీసే ఉంటాయి, మనిషి కూడా ఉండడు, మీరే తోసుకుని వెళ్ళొచ్చు. పెళ్ళో సమాధి కార్యక్రమమో ఉంటే మాత్రం బయట ఆగాలి. టికెట్ లేదు. ఇవి మ్యూజియంలు కావు, ఇప్పటికీ సంఘం చర్చిలే, సభ్యుల దగ్గర పన్నుతో పాటు వసూలయ్యే రుసుముతో నడుస్తాయి, పాత కట్టడాలు కాబట్టి మరమ్మతులకి ప్రభుత్వం కూడా డబ్బు ఇస్తుంది. 1940కి ముందు కట్టిన చర్చిలో చెప్పుకోదగ్గ మార్పు ఏది చేయాలన్నా చట్టప్రకారం అనుమతి కావాలి.

కారు తీసుకోండి. బస్సులున్నాయి గానీ పల్లెలకి రోజుకి ఏవో కొన్ని, అమ్మగారితో ఆ టెన్షన్ వద్దు. నీనెస్‌హామ్న్ రేవు నుంచి ఫెర్రీ మూడు గంటల పైచిలుకు, కారు ఎక్కించి తీసుకెళ్ళొచ్చు. జూన్ చివర్లో రాజకీయ నాయకుల సభల వారం, జూలైలో సెలవుల రద్దీ, ఆగస్టులో మధ్యయుగాల ఉత్సవం ఉంటాయి. ఆ రోజుల్లో గదుల రేట్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి, జూన్ మొదట్లో వెళ్ళండి.

ఒక రోజు ఆగ్నేయం వైపు స్టోంగ, లీ, గార్దె, లౌ, ఈ నాలుగూ దగ్గర దగ్గరగా ఉంటాయి. స్టోంగలో గుమ్మం పక్కన బయటి గోడకి పెద్ద పెద్ద రాతి బొమ్మలు అతికించి ఉంటాయి, 1300ల పని, అక్కడి కోసం చెక్కినవి కావేమో అనిపిస్తుంది, వేరే ఏదో పెద్ద ప్లాను ఆగిపోయి ఇక్కడ పెట్టినట్టు. లోపల హెగ్వాల్డ్ తొట్టి ఉంది. లీలో మధ్యయుగపు రంగు గాజు కిటికీలున్నాయి, దేశంలో ఇంత బాగా మిగిలినవి మరెక్కడా లేవంటారు. లౌ చాలా పెద్దది, లోపల గొంతెత్తి ఒక కీర్తన పాడించండి అమ్మగారి చేత, శబ్దం ఎంతసేపు తిరుగుతుందో చూడండి.

రెండో రోజు ఉదయం షెల్లుంగె, డాల్హెమ్. డాల్హెమ్ లోపలంతా 1900 ప్రాంతంలో హెగ్ అనే చిత్రకారుడు మళ్ళీ రంగులతో నింపేశాడు, కొందరికి మరీ ఎక్కువ అనిపిస్తుంది, నాకూ అనిపించింది, కానీ పాత గాజు అద్భుతం.

బాల్టిక్_బాబాయ్

ఓపిక ఉంటే ఒకటే కలుపుతాను, దక్షిణాన ఓయా. 67 మీటర్ల గోపురం, దూరం నుంచే కనిపిస్తుంది, ఎక్కక్కర్లేదు. లోపల 1200ల చివరి నాటి పెద్ద సిలువ వేలాడుతుంది, చుట్టూ వలయం, వలయంలో దేవదూతలు, ఆదాము హవ్వలు. దీవిలో నాకు బాగా నచ్చిన వస్తువు అదే. ఓయా మరియమ్మ అసలు విగ్రహం మాత్రం విస్బీ మ్యూజియంలో ఉంది, చర్చిలో ఉన్నది నకలు. అక్కడి నుంచి ఫీదె దగ్గరే, గోడ మీద 1361 ఊచకోత గురించి లాటిన్‌లో రాసి ఉంటుంది. సాయంత్రం ఫెర్రీ ఉంటే ఓయా వదిలేయండి, తిరిగి విస్బీకి గంట పైనే పడుతుంది.