అప్‌డేట్: బెజవాడలో చదివేవాళ్లు దొరికారు

విజయవాడలో కొత్త కథల పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి, చదివేవాళ్లు ఎలా పరిచయమవుతారు అని అడిగాను కదా. జనవరిలో పుస్తక మహోత్సవం దాకా ఆగమన్నారు చాలామంది. అంత ఓపిక నాకెక్కడిది!

ఏలూరు రోడ్డు షాపులన్నీ తిరిగాను, పర్లేదు. అసలు పని లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దగ్గర జరిగింది. కథల కట్ట విప్పుతుంటే పక్కనున్న మాస్టారు, "ఇది వద్దండీ, అది తీసుకోండి" అని కలగజేసుకున్నారు. (మంచి సలహానే.) ఆయనే ఒక పుస్తకావిష్కరణ సభకు రమ్మన్నారు. ప్రసంగాలు మరీ సాగదీశారు గానీ, తర్వాత టీ దగ్గర రచయితే స్వయంగా మాట్లాడారు. మన రచయితలు చాలామంది సొంత డబ్బుతోనే పుస్తకాలు వేసుకుంటారట. అందుకే కాపీ ఆయన దగ్గరే కొన్నాను, డిస్కౌంట్ అడగలేదు.

గుంటూరులో ఇలాంటి సభలుంటే చెప్పండి, బస్సెక్కేస్తాను.