స్పీచ్ థెరపీ మాస్టర్స్ తర్వాత కాలిఫోర్నియా లైసెన్సు: ముందు ఉద్యోగమా, ముందు లైసెన్సా?

పాలమూరు_పిల్ల:
సికింద్రాబాద్‌లో బీఏఎస్‌ఎల్‌పీ (స్పీచ్, వినికిడి చికిత్సల డిగ్రీ) చేశాను. టెక్సస్‌లో మాస్టర్స్ మే నెలతో అయిపోతుంది, ఎఫ్‌-1 (విద్యార్థి) వీసా. కాలిఫోర్నియాలో ఒక పిల్లల క్లినిక్ వారానికి 30 గంటల ఆఫర్ ఇచ్చింది. ముందు చేరిపోయి, తర్వాత లైసెన్సుకు అప్లై చేయొచ్చా? ఇండియాలోని ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్) రిజిస్ట్రేషన్ ఏమైనా పనికొస్తుందా?

బేఏరియా_బాబాయి:
చేరకూడదమ్మా. మాస్టర్స్ తర్వాత సూపర్‌వైజర్ కింద పనిచేసే ఫెలోషిప్ ఏడాదిని అక్కడ ఆర్‌పీఈ అంటారు. కాలిఫోర్నియా లైసెన్సు బోర్డు ఇచ్చే తాత్కాలిక లైసెన్సు చేతికొచ్చాకే మొదటి పేషెంటును చూడాలి. అంతకుముందు చేసిన గంటలు లెక్కలోకి రావు సరికదా, లైసెన్సు లేకుండా ప్రాక్టీసు చేసినట్టవుతుంది. అప్లికేషన్‌లో సూపర్‌వైజర్ వివరాలు కూడా ఉండాలి కాబట్టి, ఎవరో ముందే తేల్చమని క్లినిక్‌ను అడుగు. ఫుల్‌టైమ్‌కు నెలకు 8 గంటలు ఆ మనిషి నేరుగా నీ పని చూడాలి.

లైసెన్సు కోసం ఇవ్వాల్సిన వేలిముద్రల దగ్గరే ఎక్కువమంది ఇరుక్కుంటారు. లైవ్ స్కాన్ (వేలిముద్రలను కంప్యూటర్‌లో తీసుకోవడం) కాలిఫోర్నియాలోనే చేస్తారు. టెక్సస్ నుంచైతే కాగితం కార్డుల మీద పంపాలి, ముద్ర చెరిగితే మళ్లీ మొదటికి. వీలైతే ఒకసారి అక్కడికి వెళ్లి లైవ్ స్కాన్ చేయించుకోవడమే మేలు.

ఆర్‌సీఐ ఇండియా వరకే. అక్కడ దాన్ని చూసి ఏ షరతూ తగ్గించరు.

గంటల_లెక్క:
ఆ 30 గంటల దగ్గర ఆగండి. కాలిఫోర్నియాకు వారానికి 30 గంటలంటే ఫుల్‌టైమే, 36 వారాలు చాలు. అంటే 1080 గంటలు. కానీ ఆషా (అమెరికా స్పీచ్ థెరపిస్టుల జాతీయ సంఘం) ఇచ్చే సీసీసీ సర్టిఫికెట్‌కు 36 వారాలతో పాటు 1260 గంటలు కూడా నిండాలి. ఇంకా 180 తక్కువ. అదే వేగంతో 42 వారాలు పడుతుంది. క్లినిక్‌తో 35 గంటలకు మాట్లాడుకోండి.

ఆర్‌పీఈ సూపర్‌వైజర్, ఆషా మెంటర్ ఒకరే అయితే సుఖం. ఆ మెంటర్ సీసీసీ ఇప్పుడు చెల్లుబాటులో ఉందో లేదో ఆషా సైటులో మీరే చూసుకోండి. మధ్యలో అది ల్యాప్స్ అయితే ఆ వారాలు పోతాయి. స్పీచ్ థెరపీ పరీక్ష ప్రాక్సిస్ 5331లో 162 రావాలి. స్కోరు ఆషాకూ, బోర్డుకూ రెంటికీ పరీక్ష పెట్టే సంస్థ ఈటీఎస్ నుంచే వెళ్లేలా చూడండి. మీరు స్కాన్ చేసి పంపిన పీడీఎఫ్ చెల్లదు.

వీసా_వాకిలి:
అసలు గడియారం ఓపీటీది, అంటే చదువు తర్వాత ఎఫ్‌-1 మీద పనిచేయడానికిచ్చే అనుమతిది. మన కోర్సు స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) లిస్టులో లేదు కాబట్టి 12 నెలలే, పొడిగింపు లేదు. ఓపీటీ మొదలైన తేదీ నుంచి ఉద్యోగం లేని రోజులు 90 దాటకూడదు. బోర్డు ఆలస్యం చేసినా ఆ రోజులు కరుగుతూనే ఉంటాయి. అందుకే ఓపీటీ ప్రారంభ తేదీని చదువు ముగిశాక 60 రోజుల గడువులో చివరికి దగ్గరగా పెట్టుకోండి. 42 వారాల లెక్కైతే మిగిలేది 10 వారాలే.

ఆ తర్వాత హెచ్‌-1బీ ఉద్యోగ వీసాకు వీసాస్క్రీన్ (విదేశీ ఆరోగ్య వృత్తివాళ్ల అర్హతల ధ్రువపత్రం) కూడా కావాలి, అమెరికాలో చదివినవాళ్లకైనా సరే.

పబ్లిక్ స్కూలుకు మారాలనుకుంటే దారి వేరు, టీచర్ క్రెడెన్షియల్ కమిషన్ దగ్గర విడిగా క్రెడెన్షియల్ తీసుకోవాలి.