విమానాశ్రయంలో కియోస్క్ చెకిన్ పెద్దవాళ్లకు నిజంగా సుళువేనా?

పెనమలూరు (ప్రశ్న)

వచ్చే నెలలో మా అమ్మానాన్నలు శంషాబాద్ నుంచి పుణెలో ఉన్న అన్నయ్య దగ్గరకు వెళ్తున్నారు. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నందువల్ల వెంట వెళ్లలేను. నాన్నగారికి 71 ఏళ్లు, చదువుకున్నవారే. అయినా నిరుడు ఇదే ప్రయాణంలో కియోస్క్ (మనమే బోర్డింగ్ పాస్ తీసుకునే యంత్రం) ముందు నిలబడి టికెట్ మీదున్న పీఎన్ఆర్ నంబరు సరిగానే నొక్కి, తర్వాత ఇంటిపేరు అడిగితే మా ఇంటిపేరే నొక్కగా, వివరాలు సరిపోలలేదని మూడుసార్లు తిప్పికొట్టిందట. వెనక నిలబడ్డ కుర్రవాడెవరో వచ్చి ఏదో చేసి బోర్డింగ్ పాస్ తీసిచ్చాడు. తీరా చూస్తే పెట్టెలు ఇవ్వడానికి మళ్లీ అదే కౌంటరు వరుసలో నిలబడవలసి వచ్చింది. ఇందులో ప్రయాణికుడికి కలిగిన సౌకర్యం ఏమిటో నాకు అర్థం కాలేదు. ఈసారి రెండు పెట్టెలు ఉన్నాయి, అమ్మకు మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి. యంత్రాన్ని నమ్ముకోమంటారా, నేరుగా కౌంటరుకే వెళ్లమని చెప్పమంటారా?

సంచారి

మీ నాన్నగారి తప్పేమీ లేదండీ. ఆ యంత్రం అడిగేది మనం ఇంటిపేరు అనుకునేదాన్ని కాదు, టికెట్ కొన్నప్పుడు చివరి పేరు అనే గడిలో ఏది నింపారో దాన్ని. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, చాలాసార్లు ఒక్క పొడి అక్షరంతో సరిపెడతాం. టికెట్ కొనే వెబ్‌సైటు రెండు గడులూ నింపనిదే ముందుకు కదలదు కాబట్టి, తొందరలో వెంకటేశ్వరరావును రెండు ముక్కలు చేసి, మొదటి గడిలో వెంకటేశ్వర, రెండో గడిలో రావు అని పెట్టేస్తాం. ఇక ఆ ప్రయాణం వరకు ఆయన ఇంటిపేరు రావు. కియోస్క్ అక్షరాలను పోల్చి చూస్తుందే తప్ప వంశవృక్షాన్ని చూడదు. కాబట్టి టికెట్ వచ్చిన మెయిల్ తెరిచి, ఆ గడిలో ఏముందో అక్షరం పొల్లుపోకుండా ఒక చీటీ మీద రాసి నాన్నగారి జేబులో పెట్టించండి.

ఇంతకంటే సులువైన మార్గం, వెబ్ చెకిన్ మీరే బెంగళూరు నుంచి చేసి బోర్డింగ్ పాస్‌ను వాట్సాప్‌లో పంపడం. దేశీయ ప్రయాణాలకు చాలా సంస్థలు 48 గంటల ముందే దీన్ని తెరుస్తాయి. సీటు ఎంచుకోమన్న చోట మాత్రం జాగ్రత్తగా ఉండండి. డబ్బు కట్టవలసిన సీట్లే ముందు కళ్లబడేలా పెట్టి, ఎంచుకోకుండా దాటిపోయే మీటను ఎక్కడో మూలన చిన్న అక్షరాలలో ఉంచడం మామూలే. అయితే దాటేస్తే అమ్మానాన్నలకు వేర్వేరు వరుసల్లో సీట్లు పడవచ్చు కాబట్టి, ఈ ఒక్కసారికి డబ్బు కట్టడమే మేలని నా అభిప్రాయం.

మాజీ కౌంటర్ ఉద్యోగి

పై సలహా బాగుంది కానీ, అసలు ఆలస్యం బోర్డింగ్ పాస్ దగ్గర కాదు, పెట్టెల దగ్గర. చేతి సంచి ఒక్కటే ఉన్నవారికి కియోస్క్ నిజంగా వరమే. పెట్టెలున్నవారికి మాత్రం, సామాను మనమే బెల్టు మీద పెట్టే సదుపాయం కూడా ఉంటేనే వరుస తప్పుతుంది. అలాంటి చోట కియోస్క్ నుంచి పొడవాటి ట్యాగు వస్తుంది. దాన్ని పెట్టె పిడిలోంచి దూర్చి, వెనక కాగితం ఒలిచి, రెండు కొసలనూ ఒకదానికొకటి అంటించాలి. పాత ప్రయాణాల ట్యాగులు, వాటి చిన్న స్టిక్కర్లు పెట్టె మీద మిగిలి ఉంటే ముందే పీకేయాలి, లేకపోతే స్కానర్ పాతదాన్ని చదివి పెట్టె దారి తప్పవచ్చు. పది అంకెల నంబరున్న రసీదు ముక్కను మాత్రం దిగేవరకు పారేయకూడదు.

ఇంకొక సంగతి. నిషిద్ధ వస్తువులు ఉన్నాయా అని తెర మీద బొమ్మలతో అడిగితే చాలామంది చదవకుండా లేవని నొక్కేస్తారు. పవర్ బ్యాంకు చెకిన్ పెట్టెలో, అంటే విమాన సంస్థకు అప్పగించే పెట్టెలో, ఉండకూడదు. మన ఇళ్లలో కొడుకు దగ్గరకు వెళ్తూ పెట్టే ఎండు కొబ్బరికి కూడా అందులో అనుమతి లేదు, నూనె ఎక్కువ కాబట్టి తేలికగా అంటుకుంటుందని కారణం. కౌంటరులో మనిషి అయితే నోటితో అడిగి, అక్కడికక్కడే తీయిస్తాడు.

అమ్మగారికి వీల్‌చెయిర్ కావాలంటే కియోస్క్ సంగతి మరిచిపోయి కౌంటరుకే వెళ్లమనండి. కనీసం 48 గంటల ముందు విమాన సంస్థకు చెప్పి ఉంచడం మంచిది.

నిలువు గీత

సౌకర్యం ఎవరికన్నది కూడా అడగాలి కదా. కరోనా వల్ల ఆగిన దేశీయ విమానాలు 2020 మే 25న మళ్లీ మొదలైనప్పుడు, ఒకరినొకరు తాకకూడదని వెబ్ చెకిన్ తప్పనిసరి చేశారు. అది అప్పటికి సబబే. జబ్బు తగ్గుముఖం పట్టాక కూడా, కౌంటరులో బోర్డింగ్ పాస్ అడిగిన పాపానికి 200 రూపాయలు వసూలు చేసిన రోజులున్నాయి. అలా అదనంగా తీసుకోకూడదని పౌర విమానయాన శాఖ 2022 జూలైలో చెప్పవలసి వచ్చింది. కాబట్టి కౌంటరుకు వెళ్లి పాస్ ఇమ్మని అడగడానికి మీ నాన్నగారు మొహమాటపడనక్కరలేదు. దేశీయ ప్రయాణాలకు కౌంటరు సాధారణంగా గంట ముందే మూసేస్తారన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

సంచారి

ఒక చిన్న చేర్పు. డిజియాత్రను, కియోస్క్ చెకిన్‌ను కలిపేయకండి. అది ముఖం చూసి గేట్లు తెరిచే ఏర్పాటు. చెకిన్ అయ్యాకే పనికొస్తుంది, వాడి తీరాలన్న నియమం కూడా లేదు.

పెనమలూరు

అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడే టికెట్ తెరిచి చూశాను, చివరి పేరు గడిలో రావు అనే ఉంది, అన్నయ్య నిర్వాకం. నాన్నగారికి ఫోన్‌లో ఈ సంగతి చెబితే, ఆ లెక్కన మన ఊళ్లో సగం మంది మనకు దాయాదులే కదా అన్నారు. వెబ్ చెకిన్ నేనే చేసి, పాస్‌లు కాగితం మీద తీయించుకోమని చెప్పాను. వీల్‌చెయిర్ కోసం విమాన సంస్థకు కూడా ఫోన్ చేశాను. ఎండు కొబ్బరి చిప్పలు రెండు కిలోలు అప్పటికే పెట్టెలో సర్దేశారట, తీయమని అమ్మను ఒప్పించవలసి ఉంది.